ఆఫీసు సర్వర్ పాతబడింది, క్లౌడ్‌కి మారాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: కడపలో మీ జిల్లా ఆఫీసు సర్వర్‌కు ఏడేళ్లు నిండాయి. క్లౌడ్‌కి మారితే, అంటే డేటాను ఇంకెక్కడో ఉన్న కంపెనీ కంప్యూటర్లలో అద్దెకు పెట్టుకుని ఇంటర్నెట్ మీద వాడుకుంటే, ఖర్చు తగ్గుతుందని వెండర్ అంటున్నాడు. డేటా బయటికి పోతుందని మీ సూపరింటెండెంట్ గారు భయపడుతున్నారు.

మారండి. ఖర్చు తగ్గుతుందని మాత్రం మారకండి. నేను కర్నూలులో ఒక శాఖ జిల్లా ఆఫీసులో కాంట్రాక్ట్ ఆపరేటర్‌గా చేరి, తర్వాత సిస్టమ్స్ చూసుకునే పనికి వచ్చినవాణ్ణి. మారాలని నేను అనడానికి కారణం వేరే ఉంది.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చినప్పుడు మా సర్వర్ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక బల్ల కింద ఉండేది. గాంధీ జయంతి సెలవు కాబట్టి తీసి పైన పెట్టడానికి ఆఫీసులో ఎవరూ లేరు. నీళ్లు తీశాక వెళ్లి డబ్బా మూత విప్పితే లోపలి నుంచి బురద ముద్దలుగా జారింది. "బ్యాకప్ ఉండాది కదప్పా" అన్నారు మా సూపరింటెండెంట్. ఉంది. ప్రతి శనివారం సీడీల్లో రాసి, తేదీ వేసి, అదే గదిలో బీరువా కింది అరలో పెట్టేవాళ్లం! బురద పట్టి బీరువా తలుపు రాకపోతే అటెండర్ గడ్డపారతో తెరిచాడు. సీడీలను బకెట్ నీళ్లలో కడిగి ఎండలో తువ్వాలు మీద పరిచాం. కొన్ని చదివాయి, చాలావరకు చదవలేదు. మండలాల నుంచి పాత కాపీలు తెప్పించుకుని మళ్లీ ఎక్కించడానికి నెలలు పట్టింది.

అందుకే "డేటా మన గదిలోనే ఉంటే భద్రం" అని ఎవరన్నా నాకు ఆ తువ్వాలు గుర్తొస్తుంది.

మీ సూపరింటెండెంట్ గారి భయానికి జవాబు ఉంది. ప్రభుత్వ శాఖల కోసం కేంద్రం మేఘరాజ్ పేరుతో ఒక క్లౌడ్ ఏర్పాటు చేసింది. దాని కింద ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలు చూసే సంస్థ) క్లౌడ్ 2014 ఫిబ్రవరి నుంచి నడుస్తోంది. ప్రైవేటు కంపెనీలైతే కేంద్ర ఐటీ శాఖ జాబితాలోకి ఎక్కాలి, ఆ శాఖ కిందే నాణ్యత, భద్రత పరీక్షించే ఎస్‌టీక్యూసీ ఆడిట్ పాసవ్వాలి, డేటా దేశం లోపలే ఉంచాలి. మీ వెండర్‌ను ముందు ఆ జాబితాలో పేరు చూపించమనండి. మా మీటింగులో ఒకాయన "హైదరాబాద్‌లో పెడితే పక్క రాష్ట్రానికి పోయినట్టు కాదా" అని అడిగాడు. అందరూ నవ్వారు గానీ, రాష్ట్రం విడిపోయిన కొత్తలో ఫైళ్ల పంపకం చూసినవాళ్లకు ఆ ప్రశ్న రావడంలో వింతేమీ లేదు. షరతు దేశం సరిహద్దు గురించే, రాష్ట్రం సరిహద్దు గురించి కాదు.

అసలు తలనొప్పి డబ్బుది. సర్వర్ అయితే ఒక్కసారి టెండరు, ఒక్కసారి బిల్లు, ఐదారేళ్లు ఎవరూ అడగరు. క్లౌడ్ కరెంటు బిల్లు లాంటిది, నెలనెలా వస్తుంది, వాడకాన్ని బట్టి మారుతుంది. బడ్జెట్‌లో ఏ హెడ్ (ఖర్చు పద్దు) కింద పెట్టాలి? యంత్రాలు కొనే హెడ్‌లో డబ్బులున్నాయి గానీ అద్దె కట్టే హెడ్‌లో లేవు. మార్చి నెలాఖరులో బిల్లులు ఆగిపోతే అటువైపు కంపెనీకి మన ఆర్థిక సంవత్సరంతో పని లేదు. ఈ ఒక్క ఫైలు సర్దుకోవడానికి మాకు డేటా తరలించడం కన్నా ఎక్కువ రోజులు పట్టింది. ముందే మీ అకౌంట్స్ సెక్షన్‌తో కూర్చోండి. ఏడాది మొత్తానికి గరిష్ఠం ఇంత అని ఒప్పందంలోనే రాయించుకోండి.

మా తప్పు కూడా ఒకటి చెప్తా. ట్రయల్ కోసం క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న పెద్ద మెషీన్‌ను పని అయ్యాక ఆపడం మరిచిపోయాం. ఆన్‌లోనే ఉంది, ఎవరూ వాడలేదు, నాలుగు నెలలు బిల్లు పడింది. మన గదిలో సర్వర్ అయితే ఫ్యాను చప్పుడుకైనా గుర్తొచ్చేది.

ఇంకో సంగతి, ఇంటర్నెట్ లైను. క్లౌడ్‌కి మారాక మండలాల నుంచి "సర్వర్ డౌన్" అని ఫోన్లు ఎక్కువయ్యాయి. సర్వర్ బాగానే ఉండేది. రోడ్డు వెడల్పు చేస్తూ జేసీబీ ఫైబర్ తెంపేది. రెండు లైన్లు తీసుకోండి, రెండూ ఒకే కాలువలో రాకుండా చూసుకోండి. మేం మొదట వేర్వేరు కంపెనీల దగ్గర రెండు తీసుకున్నాం, తీరా చూస్తే రెండూ ఒకే గుంతలోంచి వస్తున్నాయి.

క్లౌడ్ అంటే బ్యాకప్ దానంతటదే ఉంటుందనుకోకండి. 2025 సెప్టెంబర్‌లో దక్షిణ కొరియాలో దెజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు పోయాయి. బయట మరో కాపీ లేదు. అంత ముందున్న దేశంలో కూడా బ్యాకప్ మా బీరువా కథే అయింది. రెండో కాపీ వేరే ఊళ్లో ఉండాలని, దానికి విడిగా డబ్బు కట్టాలని ఒప్పందంలో ఉందో లేదో చూసుకోండి. పాస్‌వర్డులు, ఎవరికి ఏ యాక్సెస్ అన్నది ఎటూ మన బాధ్యతే. మా దగ్గర సెక్షన్ మొత్తానికి ఒకటే పాస్‌వర్డ్, గోడ క్యాలెండర్ మీద రాసి ఉండేది.

ఒప్పందం ముగిస్తే డేటా ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో, దానికి ఎంత తీసుకుంటారో కూడా రాయించుకోండి. సంతకం పెట్టకముందే వెండర్‌తో ఒక రిస్టోర్ (బ్యాకప్ నుంచి డేటా తిరిగి తెరవడం) చేయించండి, మీ కళ్ల ముందే. మేం మొదటిసారి మా బ్యాకప్ తెరవడానికి ప్రయత్నిస్తే రెండు రోజులు పట్టింది. దాని తాళం బదిలీ అయిపోయిన ఆఫీసర్ ఫోన్‌కి వచ్చే ఓటీపీ మీద ఉంది. ఆయన ఆదోనిలో ఒక పెళ్లిలో ఉన్నారు.