అన్నయ్య పోస్టు పెట్టలేదని మాటలు మానేశాం

ప్రశ్న: నాకు ముప్పై రెండేళ్లు. ఎక్కడ అన్యాయం జరిగినా ఆ రోజే ఫేస్‌బుక్‌లో రాస్తాను, ప్రొఫైల్ బొమ్మ మారుస్తాను. అన్నయ్య ఒక్క మాటా రాయడు. ‘నోరు మెదపకపోతే అవతలి పక్షమనే లెక్క’ అని బంధువుల వాట్సాప్ గ్రూపులో నిలదీశాను. గ్రూపు వదిలి వెళ్లిపోయాడు. నాలుగు నెలలుగా మాటల్లేవు. తప్పెవరిది?

జవాబు: గ్రూపులో నిలదీయడం వరకు తప్పు మీదే. మీ ఉత్తరమంతా వెతికాను, అసలు అన్నయ్య ఏమనుకుంటున్నారో ఒక్క ముక్క లేదు. మీరు అడిగినట్టు లేరు. నలుగురి ముందు నిలదీస్తే ఎవరైనా తన అభిప్రాయం చెప్పరు, పరువు కాపాడుకుంటారు.

మీ ఆవేశం నటన అనను. పోస్టులు దండగ అని కూడా అనను. తెలియని సంగతి పదిమందికీ తెలుస్తుంది, ఒంటరిగా పోరాడేవారికి కాస్త ధైర్యం వస్తుంది. చిక్కల్లా, లైకులు పడగానే మన వంతు అయిపోయినట్టు అనిపించడంలో ఉంది. కెనడాలో కిర్క్ క్రిస్టఫర్సన్, ఆయన సహచరులు దీన్ని పరీక్షించి 2014లో ప్రచురించారు. అమర సైనికుల స్మారకంగా అక్కడ ధరించే ఎర్రపువ్వు గుర్తును ఉచితంగా ఇచ్చి, కొందరిని అందరికీ కనపడేలా కోటుకు పెట్టుకోమన్నారు. కొందరికి కవరులో పెట్టి ఇచ్చారు. తర్వాత చందా అడిగితే ఎక్కువ ఇచ్చింది కవరు అందుకున్నవారే. మీ అన్నయ్య ఆ కవరు మనిషి కావచ్చు. కాకపోవచ్చు కూడా. మౌనంగా ఉన్నవారంతా చాటున ఘనకార్యాలు చేస్తున్నారనుకోవడం మరో భ్రమ.

ఏడాదిగా మీరు రాసినవాటిలో మిమ్మల్ని అన్నిటికన్నా కలచివేసిన ఒక్క సమస్యను తీసుకోండి. దానికోసం ఎన్ని గంటలు, ఎంత డబ్బు ఇచ్చారో, ఎన్ని అర్జీలు పెట్టారో కాగితం మీద రాయండి. ఆ కాగితాన్ని ఫొటో తీసి పోస్టు చేయకండి (నవ్వకండి, చేసినవారున్నారు). ఖాళీగా మిగిలితే, దానిమీద ఇప్పటికే పనిచేస్తున్నవారితో నెలకు రెండు పూటలు గడపండి. అక్కడి పని చప్పగా ఉంటుంది. ఫారాలు నింపాలి, జాబితాలు సరిచూడాలి, ఫోన్లు చేయాలి. మీరు బ్లాక్ చేసేలాంటి మనిషే పక్క కుర్చీలో కూర్చుని అదే జాబితా చూస్తూ ఉండవచ్చు.

ఇక అన్నయ్య. డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా 2016లో ప్రచురించిన అధ్యయనం మీకు పనికొస్తుంది. అమెరికాలోని మయామీలో కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి ట్రాన్స్‌జెండర్ల గురించి పది నిమిషాలు మాట్లాడారు. వాదించలేదు. ‘వేరుగా ఉన్నారని మిమ్మల్ని ఎవరైనా చిన్నచూపు చూశారా?’ అని అడిగి విన్నారు. అలా వారిపట్ల వ్యతిరేకత తగ్గింది, ఆ మార్పు మూడు నెలల తర్వాత కూడా నిలిచింది.

ముందు గ్రూపులోనే క్షమాపణ చెప్పండి. ఆయన లేకపోయినా ఆ మాట విన్నవారంతా అక్కడే ఉన్నారు. తర్వాత విడిగా ఫోను చేయండి. ‘ఎందుకు రాయవు?’ అనకండి. ‘నీకెప్పుడైనా అన్యాయం జరిగిందా అన్నయ్యా?’ అని అడిగి ఆగండి. జవాబులో రాజకీయం రాకపోవచ్చు. ఆ రోజుకు మీరూ తేకండి.