లైటు స్విచ్ చూసినవాడు

అమ్మాయీ,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. నువ్వు టీవీకి రాస్తున్న నేరకథ సీరియల్ నాలుగో ఎపిసోడ్ ప్రసారమైన రాత్రి కంటిమీద కునుకు లేదని రాశావు. కారణం చదివాక నాకు నవ్వొచ్చింది, కోపగించుకోకు. ప్రేక్షకులకు నచ్చలేదని కాదు నీ బాధ. వాళ్లలో ఒకడు మరీ శ్రద్ధగా చూశాడని! తమ్ముడి కోసం వీధి వీధీ తిరుగుతున్న ఆ అన్నే హంతకుడని అతను పసిగట్టేశాడు. ఊరికే అనుమానపడి వదలలేదు, రుజువు కూడా చూపించాడు. ఎన్నడూ గడప తొక్కలేదని చెప్పిన తమ్ముడి ఇంట్లో, చీకట్లో, గోడ తడుముకోకుండా లైటు స్విచ్ వేశాడు కదా అన్నాడు. ఆ మాట ఆ నోటా ఈ నోటా పాకిపోయింది. ఇప్పుడు మీ నిర్మాత హంతకుడిని మార్చేద్దామంటున్నాడు. డాక్టరును చేస్తే ఎలా ఉంటుందని అడిగాడట. నువ్వు కూడా సగం ఒప్పుకున్నట్టే ఉంది నీ రాత చూస్తే.

ఒప్పుకోకు.

నేను ఒకసారి ఒప్పుకుని చూశాను కాబట్టి చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందటి మాట. ఒక చానెల్‌కు వారం వారం వచ్చే నేరకథ రాస్తున్నాను. నా హంతకుడు లెక్కలు రాసే గుమాస్తా. ఆరో వారానికల్లా ఉత్తరాలు మొదలయ్యాయి: గుమాస్తానే, గుమాస్తానే అని. చానెల్‌వాళ్లు కంగారుపడ్డారు, వాళ్లకంటే ముందు నేను పడ్డాను. రాత్రికి రాత్రి నేరాన్ని గుమాస్తా మీద నుంచి తీసి, వ్యాపారంలో భాగస్వామి నెత్తిన పెట్టాను. చివరి ఎపిసోడ్ చూసి అందరూ నోరు వెళ్లబెట్టారు. రెండు రోజులు నేను నేలమీద నడవలేదు. మూడో రోజు ఒక ఉత్తరం వచ్చింది. అందులో తిట్లు లేవు, పొగడ్తలు లేవు, పదకొండు ప్రశ్నలున్నాయి. మూడో వారం ఆ తాళంచెవి చూసి గుమాస్తా ఎందుకు ఉలిక్కిపడ్డాడు? అయిదో వారం ఇంటికి ఆలస్యంగా వచ్చి భార్యకు అబద్ధం ఎందుకు చెప్పాడు? ఖాతా పుస్తకంలో చింపిన కాగితం ఏమైంది? ఇలా వరసగా. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. ఒకప్పుడు అన్నిటికీ ఉండేది, నేనే పారేశాను. ఆ ఉత్తరం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

హంతకుడిని మార్చడమంటే పేరు మార్చడం కాదు. మీ నటుడికి మొదటి రోజే నిజం చెప్పానన్నావు. అంటే ఆ నాలుగు ఎపిసోడ్లలోనూ అతని చూపు, అతను మాట మింగే తీరు, ఇన్‌స్పెక్టర్ ఎదుట కూర్చున్నప్పుడు చేతులు దాచుకోవడం, అన్నీ నేరం తెలిసినవాడివే. ఇవాళ ఆ నేరాన్ని డాక్టరుకు ఇచ్చేస్తే ఆ చేతులు ఎందుకు దాచుకున్నట్టు? రాసిన మాటను కొట్టెయ్యవచ్చు గాని ప్రసారమైపోయిన కళ్లను ఏం చేస్తావు?

ఇంకో సంగతి. 1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు రచయిత అపరాధ పరిశోధన కథలకు పది నియమాలు రాసిపెట్టాడు. వాటిలో కొన్నిటికి ఎప్పుడో కాలం చెల్లింది. కానీ నేరస్థుడు కథ మొదట్లోనే కనబడాలనీ, పరిశోధకుడికి దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించాలనీ ఆయన అన్నది ఇప్పటికీ నిలిచే ఉంది. నువ్వు చేసింది అదే. స్విచ్‌ను చూపించావు, ఒకడు చూశాడు. ఎవరూ చూడకూడదనుకుంటే దాన్ని పెట్టడం ఎందుకు? ఆ ప్రేక్షకుడిని నువ్వు దొంగలా చూస్తున్నావు. నా మటుకు నాకు, అంత శ్రద్ధగా చూసేవాడు సీజన్‌కు ఒక్కడు దొరికినా చాలు.

ఎవరు చంపారన్నదే మన వ్యాపారమంతా అని నువ్వు అనుకుంటున్నట్టున్నావు. నీ వయసులో నేనూ అలాగే అనుకున్నాను. అమెరికాలో 1971లో మొదలైన కొలంబో సీరియల్ సంగతి చూడు. దాదాపు ప్రతి ఎపిసోడ్‌లోనూ హత్య మొదట్లోనే మన కళ్లెదుట జరిగిపోతుంది. ఎవరు చంపారో, ఎలా చంపారో తెలుసు. నలిగిన కోటు వేసుకున్న ఆ డిటెక్టివ్‌కు మాత్రం తెలియదు. అయినా జనం ఏళ్ల తరబడి చూశారు. వెళ్లిపోతున్నట్టే వెళ్లి, గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి ఇంకొక్క ప్రశ్న అడుగుతాడే, దాని కోసం చూశారు.

ఇక బ్రేకింగ్ బ్యాడ్ ఒకసారి తియ్యి. ఇంతకుముందు చూసి ఉంటావు, ఈసారి కాగితం, కలం పక్కన పెట్టుకుని చూడు. మాదకద్రవ్యాలు తయారుచేసే కెమిస్ట్రీ మాస్టారి గుట్టు, పోలీసు అధికారి అయిన అతని తోడల్లుడి చేతికి చిక్కుతుంది. ఆ ఎపిసోడ్ ప్రసారమైంది 2012 సెప్టెంబరు 2న. తరువాతి ఎపిసోడ్ 2013 ఆగస్టు 11న. మధ్యలో పదకొండు నెలలకు పైగా గడిచాయి. అభిమానులు ఊహించని దారి మిగిలి ఉండదు. వాళ్లలో చాలామంది లెక్క ఏమిటంటే, రచయితలు ఈ ఇద్దరినీ ముఖాముఖి నిలబెట్టకుండా చివరిదాకా సాగదీస్తారని. నేనూ అలాగే అనుకున్నాను, ఆ స్థానంలో ఉంటే నేనూ అలాగే చేసేవాడిని. వాళ్లు సాగదీయలేదు. తిరిగి మొదలైన మొదటి ఎపిసోడ్‌లోనే గ్యారేజీలో తలుపు దించి ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టేశారు. అందరూ ఊహించిన గొడవే, ఎవరూ ఊహించనంత తొందరగా వచ్చింది. ఇంకా ఏడు ఎపిసోడ్లు ఉన్నాయి, ఇప్పుడేం చేస్తారు అని చూసేవాళ్లకు ఊపిరాడలేదు.

నీకు కావలసింది ఇదే. పది ఎపిసోడ్లలో ఆరు చిత్రీకరించాం, ఏడు నుంచి ఇంకా కాగితం మీదే ఉంది అన్నావు. హంతకుడిని మార్చడం మానేసి, గుట్టు బయటపడే చోటును ముందుకు జరుపు. పదో ఎపిసోడ్‌కు దాచుకున్న నిజాన్ని ఏడులో బయటపెట్టెయ్యి. ఊహించినవాడికి తన ఊహ నిజమైందన్న సంతోషం ఒక్క రాత్రి ఉంటుంది. మర్నాడు అతనికి కొత్త ప్రశ్న పుడుతుంది. అన్నను నమ్మి కేసు కాగితాలు కూడా చూపించిన ఆ ఇన్‌స్పెక్టర్ ఇప్పుడేం చేస్తుంది? కొడుకులిద్దరినీ ఒకే వారంలో పోగొట్టుకోబోతున్న ఆ తల్లికి ఎవరు చెబుతారు? ఈ ప్రశ్నలకు జవాబు ఏ స్విచ్ చూసినా దొరకదు.

బ్రిటన్‌లో 2013లో వచ్చిన బ్రాడ్‌చర్చ్ మొదటి సీజన్‌లో, హంతకుడెవరో నటుల్లో చాలామందికే చెప్పకుండా చిత్రీకరణ సాగించారు. అంత గుట్టుగా ఉంచి కూడా, ఆఖరి ఎపిసోడ్‌లో ఆ నిజాన్ని చిట్టచివరి నిమిషం దాకా దాచలేదు. ముందే చెప్పేసి, ఆ కబురు ఒక్కో ఇంటికీ ఎలా చేరిందో చూపించడానికి మిగతా సమయం ఉంచుకున్నారు. హంతకుడిని ముందే ఊహించినవాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నది అక్కడే. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ అమెరికాలో 2011లో వచ్చిన ది కిల్లింగ్. ఆ అమ్మాయిని ఎవరు చంపారన్న ఒక్క ప్రశ్న మీదే ప్రచారమంతా నడిపి, పదమూడు ఎపిసోడ్లు చూపించి, చివర్లో జవాబు చెప్పకుండా వచ్చే ఏడాదికి వాయిదా వేశారు. ప్రేక్షకులు మండిపడ్డారు. మోసపోయామన్నారు. తప్పు వాళ్లదని నేను అనను.

అలాగని చెప్పినంత మాత్రాన అందరూ సంతోషిస్తారనుకోకు. లైన్ ఆఫ్ డ్యూటీ అనే బ్రిటిష్ పోలీసు సీరియల్‌లో ఏళ్ల తరబడి వెతికిన దొంగ పోలీసు ఎవరో 2021 మే 2న తేలింది. ఆ రాత్రి బ్రిటన్‌లో దాదాపు కోటీ 28 లక్షల మంది చూశారు. తేలిందేమిటంటే, అతను మహా మేధావి కాదు, ఎవరూ పట్టించుకోని ఒక అసమర్థుడు. చాలామంది ఉసూరుమన్నారు. అవినీతి ముఖం ఇలాగే చప్పగా ఉంటుందన్న రచయిత ఆలోచన నాకు నచ్చింది. కానీ అన్నేళ్లు ఎదురుచూసినవాడు తన మనసులో ఒక రాక్షసుడిని పెంచుకుంటాడు, వాడి పక్కన ఎవరిని నిలబెట్టినా పొట్టిగానే కనిపిస్తారు. ఏడులోనే చెప్పెయ్యమనడానికి ఇది కూడా ఒక కారణం.

ఇక నీ రెండో ప్రశ్న. చనిపోయినవాడి భార్యను జనం అసహ్యించుకుంటున్నారు, ఆమె చేత ఒకసారి ఏడిపించనా అని అడిగావు. వద్దు. ముందు ఒక పని చెయ్యి. నాలుగు ఎపిసోడ్లలోనూ ఆమె ఒంటరిగా ఉన్న సన్నివేశాలు ఎన్నో లెక్కపెట్టు. నీ స్క్రిప్టు చదివి నేను లెక్కపెట్టాను, ఒక్కటి కూడా లేదు. ఎప్పుడు కనిపించినా ఆ అన్న చూపులోంచే కనిపిస్తుంది. అతను తలుపు తట్టాక తెరుస్తుంది, అతను అడిగాక ముక్తసరిగా చెబుతుంది. మనం అతని పక్కన నిలబడి ఉన్నాం గనుక, అతనికి అడ్డొచ్చినవాళ్లందరూ మనకూ అడ్డుగానే కనబడతారు. బ్రేకింగ్ బ్యాడ్‌లో ఆ మాస్టారి భార్యకు జరిగిందీ ఇదే. నేరం చేసింది భర్త, తిట్లు తిన్నది భార్య. ఆ తిట్లు పాత్రను దాటి తన మీదకే ఎలా వచ్చాయో ఆ పాత్ర వేసిన అనా గన్ 2013 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసమే రాసింది. మీ నటిని కూడా ఒకసారి పలకరించు. ఎలా ఉందో కనుక్కో. అది రచనకు సంబంధించిన సలహా కాదనుకో, అయినా చెయ్యి.

ఆమెకు నువ్వు ఇవ్వవలసింది ఏడుపు కాదు. ఒంటరిగా, ఎవరూ చూడకుండా, తన కోసం తాను ఏదో చేసుకునే ఒక నిమిషం ఇవ్వు. భర్త బట్టలు మడతపెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టనీ. లేదా అతని బాకీల కాగితాలు చూస్తూ కోపంతో పళ్లు కొరకనీ. అంతకంటే ఎక్కువ చెప్పను, ఆమె నీ మనిషి.

ఒక పాత్ర చచ్చిపోయినప్పుడు వచ్చే కోపం గురించి కూడా అడిగావు. మూడో ఎపిసోడ్‌లో ఆ కుర్ర కానిస్టేబుల్‌ను చంపినందుకు తిడుతున్నారన్నావు. ఆ తిట్లను రెండు కుప్పలు చెయ్యి. "ఎందుకు చంపావు?" అనేవి ఒక కుప్ప. వాటికి జవాబు చెప్పనక్కర్లేదు, అది దుఃఖం. 1893లో షెర్లాక్ హోమ్స్‌ను జలపాతంలోకి తోసేసినప్పుడు ఆర్థర్ కోనన్ డాయిల్‌కు వచ్చిందీ అదే. పాఠకులు పత్రికకు చందాలు మానేశారు, చివరికి 1903లో ఆయన హోమ్స్‌ను బతికించి తీసుకురావలసి వచ్చింది. "అలా ఎలా చచ్చిపోతాడు?" అనేవి రెండో కుప్ప. వీటిని కూర్చుని చదువు. తుపాకీ ఉన్నవాడు ఒంటరిగా ఆ గోదాములోకి ఎందుకు వెళ్లాడు, ఎవరికీ ఫోను ఎందుకు చెయ్యలేదు అని అడుగుతున్నారు చూడు, వాళ్లు చెప్పింది నిజం. అక్కడ నువ్వు తొందరపడ్డావు. ప్రసారమైనదాన్ని ఏమీ చెయ్యలేం గాని, ఆరో ఎపిసోడ్‌లో ఇన్‌స్పెక్టర్ కూడా ఎవరికీ చెప్పకుండానే బయలుదేరుతుందని రాశావు. అది ఎడిటింగ్‌లో సరిదిద్దుకునే వీలుందేమో చూడు.

అన్నట్టు, ఎవరేమన్నారో రాత్రంతా చదవడం మాని, అయిదో ఎపిసోడ్‌ను కొత్తవాళ్లు నలుగురితో కలిసి చూడు. టీవీకి ఎదురుగా కూర్చోకు, పక్కగా కూర్చుని వాళ్ల ముఖాలు చూడు. మాటల్లో పొగుడుతారు, తిడతారు, రెండూ నమ్మలేం. ఒంటిని నమ్ము. ఎక్కడ వెనక్కి వాలారు, ఎక్కడ ముందుకు జరిగారు, ఎక్కడ ఫోను తీశారు? ఫోను తీసిన నిమిషం రాసుకో. "తలుపు తియ్యకు" అని ఎవరైనా తెరతో మాట్లాడితే అదీ రాసుకో. నేను ఇలా చూసిన మొదటిసారి, ఎంతో కష్టపడి రాసుకున్న నాలుగు నిమిషాల సంభాషణకు ముగ్గురు ఫోన్లు తీశారు. నాలుగోవాడు నిద్రపోయాడు.

ఇక ఏడో ఎపిసోడ్. నేను రాయకూడదు, నీ కథ. కానీ నీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఒక సన్నివేశం నన్ను వదలడం లేదు, రాసి పంపుతున్నాను, పనికి రాకపోతే చింపెయ్యి. రాత్రి. మళ్లీ అదే తమ్ముడి ఇల్లు. ఇన్‌స్పెక్టర్, అన్న గుమ్మంలో ఉన్నారు. లోపలంతా చీకటి. ఆమె చేతుల్లో ఫైళ్లున్నాయి. "కాస్త లైటు వెయ్యండి" అంటుంది, మామూలుగా. అతను చెయ్యి ఎత్తుతాడు. ఎత్తిన చెయ్యి గాలిలో ఆగుతుంది. అప్పుడు అతను గోడ తడమడం మొదలుపెడతాడు, తెలియనట్టు, కావలసినదానికంటే కాస్త ఎక్కువసేపు. ఆమె ఏమీ అనదు. చీకట్లో ఆమె ముఖం మనకు కనిపించకూడదు. తడిమే చప్పుడు మాత్రం వినిపించాలి.

ఇది చూస్తున్నప్పుడు ఆ స్విచ్ కనిపెట్టినవాడు ఎలా కూర్చుని ఉంటాడో నాకు చూడాలని ఉంది. స్క్రిప్టు పూర్తయ్యాక పంపు. నిర్మాతతో మాట్లాడేటప్పుడు నా గుమాస్తా సంగతి చెప్పు, అవసరమైతే ఆ పదకొండు ప్రశ్నల ఉత్తరం నకలు తీసి పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు