'దూత పాట' రాగం గుటెన్‌బర్గ్ పండుగదే

మీరడిగింది: క్రిస్మస్‌కి పాడే 'దూత పాట పాడుడీ' రాగం అసలు అచ్చుయంత్రం మీద కట్టిన పాటలోదంటారు, నిజమేనా, ఆ పాట వినొచ్చా అని. నిజమే. తప్పకుండా వినండి, నాలుగు భాగాలూ వినండి.

నేను గుంటూరులో చర్చి క్వైర్‌లో చాలా ఏళ్లు టెనర్ (మగవాళ్ల పై స్థాయి గొంతు) పాడాను. ఈ రాగం నాకు కంఠతా వచ్చు. ఇది ఎక్కడిదో తెలిసిన రోజు మాత్రం మా నాన్న గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ఆయన లెటర్ ప్రెస్‌లో కంపోజిటర్. కేసు అనే అరల పెట్టెలోంచి సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, ఎడమచేతిలోని స్టిక్ అనే చిన్న తట్టలో తలకిందులుగా పేర్చేవారు. ఇంటికొచ్చాక ఎంత తోమినా గోళ్ల కింద సిరా నలుపు వదిలేది కాదు.

1840 జూన్‌లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరం, గుటెన్‌బర్గ్ చేతుల్లో అచ్చు పుట్టి 400 ఏళ్లయిందని పెద్ద పండుగ చేసింది. దానికోసం జర్మన్ సంగీతకర్త ఫెలిక్స్ మెండెల్‌సోన్ కట్టిన పాట 'ఫెస్ట్‌గెసాంగ్', అంటే పండుగ పాట. పాడింది మగవాళ్లు మాత్రమే. వెనక వయొలిన్లు లేవు, ఇత్తడి బాకాలూ డ్రమ్ములే. ఎందుకంటే పాడింది ఊరి మార్కెట్ చౌక్‌లో, ఆరుబయట. మొదటి భాగం, చివరి భాగం లూథరన్ చర్చిల పాత కీర్తనల రాగాలు. రెండో భాగంలో మన రాగం వస్తుంది. అక్కడ దూతలు లేరు, గుటెన్‌బర్గ్ దివిటీ వెలిగించాడని పాడతారు. మొదటిసారి విన్నప్పుడు, మనం యేసు పుట్టుక పాడుకునే రాగంలో ఒక అచ్చు పనివాడి పేరు వినపడేసరికి ఒళ్లు జలదరించింది.

మెండెల్‌సోన్ 1843లో లండన్ ప్రచురణకర్తకి రాస్తూ, ఈ రాగానికి వేరే మాటలు పెట్టుకోండి, జనానికి నచ్చుతుంది, భక్తి మాటలు మాత్రం నప్పవు అన్నాడు. ఆయన 1847లో పోయాడు. 1855లో విలియం కమింగ్స్ అనే ఇంగ్లీషు సంగీతకారుడు చార్లెస్ వెస్లీ ఇంగ్లీషు కీర్తన 'హార్క్! ది హెరాల్డ్ ఏంజెల్స్ సింగ్'ని దీనికే అతికించాడు. మన 'దూత పాట పాడుడీ' దానికి తెలుగు రూపమే. వెస్లీ ఆ మాటలు రాసింది 1739లో!

మెండెల్‌సోన్ మాటతో నేను సగమే ఒప్పుకుంటాను. బాకాలతో వింటే నిజంగానే కవాతు నడకలా ఉంటుంది. మేమూ దాన్ని ఎప్పుడూ తొందరగా లాగించేవాళ్లం, ఆర్గన్ వాయించే అన్నయ్య ఆపలేక టెన్షన్ పడేవాడు. కానీ డిసెంబరు 24 రాత్రి చర్చి నిండా జనం లేచి నిలబడి పాడుతుంటే, అది భక్తికి నప్పదని నేననలేను.

ఇయర్‌ఫోన్లలో ఆ బాకాలు కాస్త గట్టిగా అనిపిస్తాయి, స్పీకర్లో పెట్టి కొంచెం దూరంగా కూర్చోండి. ఇంకో మాట. మెండెల్‌సోన్‌దే 1846 నాటి మరో ఫెస్ట్‌గెసాంగ్ ఉంది, జర్మన్ కవి షిల్లర్ కవితకి కట్టింది. నేను ముందు పొరపాటున అదే పెట్టుకుని, మన రాగం ఎప్పుడొస్తుందా అని చివరిదాకా ఎదురుచూశాను. పేరు పక్కన గుటెన్‌బర్గ్ అని ఉందో లేదో చూసి పెట్టుకోండి.