గోడ కూలేలోగా గేటు గీయండి

పాఠకుల ప్రశ్నలకు ఒక పాత బ్యానర్ ఆర్టిస్టు జవాబులు

ప్రశ్న: మాస్టారూ, మా ఊళ్లో యాభై ఏళ్ల నాటి సినిమా హాలు వచ్చే నెల పడగొడుతున్నారు. వాటర్ కలర్స్‌లో వేస్తుంటే కొత్త బిల్డింగులా వస్తోంది. నల్లరంగు పూస్తే మసి పట్టినట్టుంది. పాతదనం ఎలా తేవాలి?
- ఒక టీచరు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ నల్లరంగు ట్యూబు డబ్బాలో పెట్టేయండి. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియన్నా అనే ఎర్రటి గోధుమ రంగు కలిపితే వచ్చే బూడిద రంగు నీడలకు చాలు. కాగితం తడిగా ఉండగానే పిట్టగోడ కింద ఆ రంగు వదిలి బోర్డు కాస్త వాల్చండి, వాన చారలు వాటంతటవే దిగుతాయి.

గోడంతా ఒకేలా పాతబడదు. టికెట్ల కిటికీ చూడండి. ఒక్క చెయ్యి పట్టే కన్నం, దాని కింద మోచేతులు రాసుకుని నున్నబడ్డ సిమెంటు. నేల టికెట్ల సందులో భుజాలెత్తున సున్నం ఊడిపోయి ఉంటుంది. బాల్కనీ మెట్ల దగ్గర అంత అరుగుదల ఉండదు, ఎక్కేవాళ్లు తక్కువ కదా! ఇవి సరిగ్గా పడితే మిగతా గోడ ఖాళీగా వదిలేసినా ఫర్వాలేదు.

నేను ఇరవై ఏళ్లు బ్యానర్లు వేశాను. శుక్రవారం సినిమా మారితే అదే గుడ్డ మీద తెల్లరంగు కొట్టి, గళ్లు గీసి, ఇంకో హీరో ముఖం. బాధేమీ ఉండేది కాదు, చేతికి పని దొరికేది. ఫ్లెక్సులొచ్చి పని పోయాకే హాళ్లను తేరిపార చూశాను. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్ 70 ఎంఎం ముందు ఎన్నిసార్లు నిలబడ్డానో! ఒక్క స్కెచ్ వెయ్యలేదు. దాన్ని పడగొట్టాక ఇంట్లో కూర్చుని గీద్దామంటే మెట్లు ఎటువైపు తిరిగేవో కూడా చేతికి అందలేదు.

అందుకే ఈ ఆదివారమే వెళ్లండి. కూల్చేవాళ్లు గోడ దాకా వచ్చేసరికి కుర్చీలు, తలుపులు, గ్రిల్సు పాత సామాన్ల కొట్టుకి చేరిపోతాయి. మ్యాట్నీ వేళ నీడ గంటలో జరిగిపోతుంది కాబట్టి ముందు నీడల గీతలు పెన్సిల్‌తో పెట్టి, పక్కన టైము రాసుకోండి. వాచ్‌మన్‌కి ఒక టీ ఇప్పిస్తే లోపలికీ పంపుతాడు.

ప్రశ్న: మద్రాసు గెయిటీ థియేటర్ నేను చూడలేదు. ఫోటో చూసి వెయ్యొచ్చా?
- ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: నిక్షేపంగా. 1914లో దాన్ని కట్టించిన రఘుపతి వెంకయ్య నాయుడు గారు మన బందరులో పుట్టినవారు, స్వయంగా ఫోటోగ్రాఫరు. ఫోటో చూసి వేశారని ఆయనైతే కోప్పడరు! కాకపోతే నలుపు తెలుపు ఫోటోకి మీ ఊహలోంచి రంగులు తేకండి, ఒక్క సెపియాతో, అంటే ముదురు గోధుమ రంగుతో, కానివ్వండి. వాల్‌పోస్టరు మీద అక్షరాలు కనబడకపోతే ఏదో సినిమా పేరు పెట్టేయకండి, మసగ్గానే ఉంచండి. బొమ్మ వెనక మీరు వేసిన తేదీతో పాటు ఆ ఫోటో ఎక్కడ దొరికిందో కూడా రాసి పెట్టండి.