హోస్ట్ కలిసిన నిమిషానికే నాట్ రెస్పాండింగ్ అంటుంటే

ఫైర్‌వాల్ మార్చాక హోస్ట్‌ని (వర్చువల్ మెషీన్లు నడిచే సర్వర్‌ని) వీసెంటర్‌కి, అంటే హోస్ట్‌లన్నిటినీ ఒకచోటి నుంచి చూసుకునే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్‌కి, కలిపితే కలుస్తోందని, నిమిషం తిరగకుండానే నాట్ రెస్పాండింగ్ అంటోందని, పింగ్ మాత్రం బాగానే ఉందని రాశారు. ముందుగా, వీఎంల (వర్చువల్ మెషీన్ల) గురించి కంగారు పడకండి. అవి హోస్ట్ మీద నడుస్తూనే ఉంటాయి.

ఆ నిమిషంలోనే అసలు గుట్టు ఉంది. హోస్ట్ మీద ఉండే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ ఈఎస్ఎక్స్ఐ ప్రతి 10 సెకన్లకు యూడీపీ పోర్ట్ 902 మీద వీసెంటర్‌కి హార్ట్‌బీట్ (నేను బతికే ఉన్నానని చెప్పే చిన్న ప్యాకెట్) పంపుతుంది. 60 సెకన్లపాటు ఒక్కటీ అందకపోతే వీసెంటర్ ఆ హోస్ట్‌ని నాట్ రెస్పాండింగ్ అని చూపిస్తుంది. మీరు టెల్‌నెట్‌తో 902 తెరిచే ఉందని చూశానన్నారు కదా, అది టీసీపీ సంగతి మాత్రమే చెబుతుంది, హార్ట్‌బీట్ వెళ్లే యూడీపీ సంగతి కాదు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. పైగా హార్ట్‌బీట్ వెళ్లేది హోస్ట్ నుంచి వీసెంటర్ వైపు. ఫైర్‌వాల్ రూల్ ఆ దిశలో ఉండాలి.

వీసెంటర్ అప్లయన్స్‌లో (వీసెంటర్ నడిచే మెషీన్‌లో) టీసీపీడంప్ అనే, ప్యాకెట్లని చూపించే టూల్ పెట్టి, ఆ హోస్ట్ ఐపీ నుంచి యూడీపీ 902 ప్యాకెట్లు వస్తున్నాయేమో చూడండి. రాకపోతే ఫైర్‌వాల్ వాళ్లకి అదే చూపించండి, వాదన ఉండదు.

వస్తున్నా తెగిపోతుంటే, హోస్ట్ కన్సోల్‌లో ఎఫ్2 నొక్కి ట్రబుల్‌షూటింగ్ ఆప్షన్స్‌లో రీస్టార్ట్ మేనేజ్‌మెంట్ ఏజెంట్స్ ఎంచుకోండి. దీనికి హోస్ట్ రీబూట్ అక్కర్లేదు. హోస్ట్‌కీ వీసెంటర్‌కీ మధ్యలో ఐపీ అడ్రస్‌లని మార్చే నాట్ (NAT) ఉంటే మాత్రం ముందే చెప్పండి, హోస్ట్ తప్పుడు ఐపీకి హార్ట్‌బీట్ పంపుతుండొచ్చు.