డర్బన్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

దక్షిణాఫ్రికాలోని డర్బన్ గురించి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివా, మొదటిసారి ఫోన్లో, రెండోసారి ప్రింట్ తీయించుకుని పెన్సిల్ పట్టుకుని. ఉద్యోగం చేసుకుంటూ సెలవు రోజుల్లో ఇంట్లో పడుకోకుండా సిటీ సెంటర్లో కాలినడకన తిరుగుతున్నావంటే నాకు ఎంత సంతోషంగా ఉందో. నేను అక్కడున్న ఆరేళ్లలో మొదటి రెండేళ్లు ఆఫీసు, ఇల్లు, షాపింగ్ మాల్ తప్ప ఇంకేం చూళ్లేదు, ఆ రెండేళ్లు పోయినట్టే. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నీ మొదటి వాక్యం చూడు. "రంగురంగుల జనం, హోరెత్తే సంగీతం, అడుగడుగునా జీవకళ ఉట్టిపడే ఆఫ్రికా నగరం." ఇందులో డర్బన్ ఎక్కడుందిరా? ఆఫ్రికా అనే మాట కొట్టేసి కోఠి అని పెట్టినా, విజయవాడ బీసెంట్ రోడ్డు అని పెట్టినా వాక్యం అలాగే నడిచిపోతుంది. ఏ ఊరికైనా సరిపోయే వాక్యం ఆ ఊరిది కాదు. దాన్ని మొత్తం తీసెయ్. మూడో పేజీలో ఎక్కడో దాచేశావు చూడు, పొద్దున్నే డ్రమ్ముల్లో మొక్కజొన్న పొత్తులు ఉడకబెడుతున్న ఆడవాళ్ల దగ్గర పొగకి కళ్లు మండి నిలబడిపోయానని, అక్కణ్ణుంచి మొదలుపెట్టు. అది నువ్వు చూసింది, నీ కళ్లు మండాయి.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తా, నువ్వు చెయ్యకూడదని. బస్సులూ రైళ్లూ మారే పెద్ద కూడలి వార్విక్ జంక్షన్లో, అక్కడి హెర్బ్ మార్కెట్‌కి మొదటిసారి వెళ్లినప్పుడు ఒక పెద్దావిడ కూర్చుని బెరడు దంచుతోంది, చుట్టూ వేళ్లు, దుంపలు, ఎండుటాకులు, మూటలు. అడక్కుండా ఫొటో తీశా. ఆవిడ దంచడం ఆపి, పక్కనున్న గుడ్డ తీసి సరుకు మీద కప్పేసి, అటు తిరిగి కూర్చుంది, ఒక్క మాట కూడా అనలేదు. ఆ ఫొటో పెట్టి నేను రాసిన వ్యాసంలో ఆ చోటుని "మంత్రగాళ్ల సంత" అన్నా. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే తల దించుకుంటా. తర్వాత్తర్వాత నెలల తరబడి అక్కడికి పోగా పోగా తెలిసింది, జూలూ భాషలో ముతీ అంటే మందు, ఇన్యాంగా అంటే మూలికలు తెలిసిన వైద్యుడు, సంగోమా అంటే పూర్వీకులని పిలిచి జబ్బుకి కారణం చెప్పే మనిషి అని. మన ఊళ్లో పసరు పోసే నాటువైద్యుణ్ణీ సోది చెప్పే ఎరుకలామెనీ ఒకే మాటతో పిలుస్తామా? పిలవం. మన వాళ్ల విషయంలో ఉండే ఆ తేడా వాళ్ల విషయంలో ఎందుకు లేకుండా పోయిందో నన్ను నేను చాలా అడుక్కున్నా. నీ వ్యాసంలో కూడా "మంత్రతంత్రాలు" అని ఒక మాట ఉంది, దాని కింద గీత పెట్టా.

ఇంకోటి, "ఫ్లైఓవర్ మీద మూలికల బజారు, భలే వింత" అని ఒక్క ముక్కలో దాటేశావు. నాకైతే మొత్తం వ్యాసానికి ఆయువుపట్టు అక్కడే ఉందనిపిస్తుంది. అది ఫ్లైఓవర్ కాదు, కట్టడం మధ్యలో ఆపేసిన ఫ్రీవే కొమ్మ, కార్ల కోసం మొదలుపెట్టి వదిలేసిన రోడ్డు. దాని మీదే 1990ల చివర్లో, అంతకు ముందు ఫుట్‌పాత్‌ల మీద ఎండకి ఎండి వానకి తడిసిన మూలికలవాళ్లకి నీడ, నీళ్లు, అంగళ్లు ఏర్పాటు చేసి, బ్రూక్ స్ట్రీట్ మార్కెట్‌కి వంతెనతో కలిపారు. ఏ చోటు చూసినా "ఇది ఇంతకు ముందు ఏంటి? ఎవరి కోసం కట్టారు? ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?" అని అడుగు, ఆ మూడు ప్రశ్నలతోనే డర్బన్ సిటీ సెంటర్ సగం విప్పుకుంటుంది.

సిటీ హాల్ తీసుకో. నువ్వు "అందమైన యూరప్ శైలి భవనం" అన్నావు, సరే, బెల్‌ఫాస్ట్ సిటీ హాల్‌ని చూసి కట్టిందే, 1910లో తెరిచారు. అదే 1910లో, అక్కడికి నడిచిపోయేంత దూరంలో, కూరగాయలు పండించే భారతీయుల కోసం ఎర్లీ మార్నింగ్ మార్కెట్ కూడా పుట్టింది. ఒకటి మెట్లు, గోపురం, ఇంకోటి తెల్లవారుజామున నెత్తిన గంపలు. ఈ రెండింటినీ ఒకే పేరాలో పెట్టి చూడు, నువ్వు వేరే వ్యాఖ్యానం ఏమీ రాయక్కర్లేదు. ఆ మార్కెట్ ఇప్పుడున్న చోటికి 1930ల్లో వచ్చింది, 2009లో దాన్ని తీసేసి మాల్ కడతామన్నారు, ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ముందు ఊరు తళతళలాడాలని. వ్యాపారులు, భారతీయులూ అక్కడి నల్లజాతి జూలూలూ కలిసే, పోరాడి ఆపించుకున్నారు. నూరేళ్లు నిండబోతున్న ఏడాది అది. ఇప్పటికీ అక్కడ కరివేపాకు దొరుకుతుంది, చేమదుంపలు దొరుకుతాయి, వాటిని అక్కడ అమడుంబే అంటారు. ఆ మాట విని మన దుంప అనే మాటే అక్కడికి పోయిందేమో అని నీకనిపించొచ్చు, నాకూ అనిపించింది, కానీ చెవికి తోచిందల్లా చరిత్ర అని రాయకూడదు. రాయాలనిపిస్తే "నాకలా వినిపించింది" అని మాత్రమే రాయి.

మన వాళ్ల గురించి నువ్వు రాసిన పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయా. నాయుడు అనే పేరు దుకాణం బోర్డు మీద చూసి ఏడుపొచ్చిందని రాశావు, నిజంగానే వచ్చుంటుంది, నాకూ వచ్చింది. కానీ దాని తర్వాత నాలుగు పేరాలు నీ ఏడుపు గురించే ఉన్నాయి, ఆ నాయుళ్ల గురించి లేవు. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందిని తీసుకొచ్చి డర్బన్ రేవులో దింపింది. అక్కణ్ణుంచి 1911 దాకా లక్షా యాభై రెండు వేల మందికి పైగా వచ్చారు, మూడింట రెండు వంతులు మద్రాసు నుంచే, తమిళులూ మన తెలుగువాళ్లూ. చెరకు తోటల్లో ఐదేళ్ల ఒప్పందం. ఓడల జాబితాల్లో పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా రాసి ఉంటాయి, విశాఖపట్నం అని, గంజాం అని, రాసిన గుమాస్తాకి మన పేర్లు నోరు తిరగక అక్షరాలు ఎలా పడితే అలా ఉంటాయి. వాళ్ల పిల్లల పిల్లలే 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఇవన్నీ వ్యాసంలో కుక్కమని చెప్పట్లా. ఆ బోర్డు కింద కూర్చున్న మనిషికి ఐదారు తరాల చరిత్ర ఉంది, ఆయన డర్బన్‌వాడు, ఆయన్ని మన బంధువుగా చూపించాలని నువ్వు తహతహలాడుతున్నావు గానీ ఆయనకి ఆ అవసరం ఉండకపోవచ్చు, అది ముందు ఒప్పుకో. ఆయన్ని ఇంగ్లిష్‌లోనే పలకరించు, ఆయనే తెలుగు మాట తీస్తే అప్పుడు విను.

వీధుల పేర్లు మర్చిపోకు. నువ్వు గ్రే స్ట్రీట్ అనే రాశావు, జనం కూడా అలాగే అంటారు, కానీ బోర్డు మీద డాక్టర్ యూసుఫ్ దాదూ స్ట్రీట్ అని ఉంటుంది, వర్ణవివక్ష మీద పోరాడిన భారతీయ నాయకుడి పేరు. విక్టోరియా స్ట్రీట్ ఇప్పుడు బెర్తా ఎంఖిజే స్ట్రీట్, నల్లవాళ్లు అనుమతి కాగితం లేకుండా తిరగకూడదన్న పాసు చట్టాల మీద తిరగబడిన ఆడమనిషి పేరు, రాణి పేరు తీసి ఆమె పేరు పెట్టారు. మసాలాలు కొనడానికి వెళ్లే ఆ మార్కెట్‌ని మాత్రం ఇంకా విక్టోరియా అనే పిలుస్తారు, పాతది 1973లో కాలిపోయింది, ఇప్పుడున్నది 1990లో తెరిచింది. రెండు పేర్లూ వాడు, ఒకటి జనం నోట్లోది, ఒకటి బోర్డు మీదది, వాటి మధ్య ఉన్న దూరమే చరిత్ర.

క్వాముహ్లే మ్యూజియంకి నువ్వు వెళ్లలేదని అర్థమైంది. తప్పకుండా వెళ్లు. ఒకప్పుడు అది నల్లవాళ్ల మీద పెత్తనం చేసే మున్సిపల్ ఆఫీసు, ఊళ్లో ఉండటానికీ పని చెయ్యడానికీ అనుమతి కాగితాల కోసం అక్కడ వరసలో నిలబడాలి. ఆ పెత్తనానికి డబ్బెక్కడిదో తెలుసా? జొన్న బీరు. ఆడవాళ్లు ఇళ్లల్లో కాచుకుని అమ్ముకునే జొన్న బీరుని నిషేధించి, 1909 నుంచి మున్సిపాలిటీయే గుత్తకి తీసుకుని తన బీర్ హాళ్లలో అమ్మింది, ఆ లాభంతోనే నల్లవాళ్ల హాస్టళ్లు, వాళ్ల మీద నిఘా. వాళ్ల జేబులోంచి తీసి వాళ్లకే సంకెళ్లు. 1929లో, మళ్లీ 1959లో ఆడవాళ్లు బీర్ హాళ్ల మీద పడ్డారంటే ఊరికే కాదు. సారా ఉద్యమం చూసిన మన ప్రాంతం పాఠకుడికి ఇది ఇట్టే ఎక్కుతుంది, కానీ రెండూ ఒకటే అని రాయకు, దూబగుంట ఆడవాళ్లు సారా వద్దన్నారు, అక్కడి ఆడవాళ్లు మా బీరు మమ్మల్ని కాచుకోనివ్వండి అన్నారు.

కళ కోసం గ్యాలరీకే పోనక్కర్లేదు, అయినా సిటీ హాల్లోనే ఉన్న ఆర్ట్ గ్యాలరీ చూడు, బావుంటుంది. నాకు మాత్రం డర్బన్ కళ అంటే టెలిఫోన్ వైరు బుట్టలే. జూలూ ఇళ్లల్లో బీరు కుండ మీద మూత పెట్టడానికి గడ్డితో అల్లేది ఇంబెంగే. ఊళ్లో రాత్రి కాపలా ఉండే మగవాళ్లు, పొద్దుపోక, పారేసిన టెలిఫోన్ వైరు రంగుల తీగల్ని కర్రల చుట్టూ చుట్టడం మొదలుపెట్టారు, అదే పోగా పోగా బుట్టలయింది. అలాంటి బుట్ట ఒకటి నా బల్ల మీద ఉంది, దాంట్లో పెన్సిళ్లు పెట్టుకుంటా. ఇంకా, వార్విక్‌లో ఫ్రీవే స్తంభాల మీద అక్కడి వ్యాపారుల బొమ్మలే పెద్దగా గీశారు, 2014లో ఫెయిత్47 అనే ఆర్టిస్ట్ వేసినవి. బొమ్మలో ఉన్న మనిషి లాంటి మనిషే ఆ స్తంభం నీడలో అమ్ముకుంటూ ఉంటుంది, అక్కడ నిలబడి చూడు.

భయం గురించి ఒక మాట. జేబులు కొట్టేవాళ్లున్నారు, ఫోన్ లాక్కునేవాళ్లున్నారు, లేరని రాస్తే అబద్ధం. కానీ నీ వ్యాసంలో భయం ఎనిమిది చోట్ల ఉంది, లెక్కపెట్టా. రోజుకి నాలుగున్నర లక్షల మంది బస్సులూ టాక్సీలూ రైళ్లూ మారుతూ వార్విక్ మీదుగా పోతారు, స్కూలు పిల్లలు, నర్సులు, ముసలమ్మలు. వాళ్లకది దారి. ఒక చోట రాసి వదిలెయ్. అసియే ఎటఫులేని అని ఒక సంస్థ ఉంది, వీధి వ్యాపారుల కోసం పనిచేస్తుంది, వాళ్లు మార్కెట్లన్నీ తిప్పి చూపిస్తారు, ముందు వాళ్లతో వెళ్లు. రెండోసారి ఒక్కడివే వెళ్లు, కెమెరా లేకుండా. ఆవు తలకాయ వండే ఆడవాళ్ల దగ్గర చెక్క పీట మీద మాంసం కోసి ఉప్పూ కారం వేసి ఇస్తారు, ఆవిరి మీద ఉడికిన రొట్టె పక్కన పెడతారు. నువ్వు తినకపోతే తినకు, ముక్కు మూసుకున్నానని మాత్రం రాయకు, ఆవిడ రోజంతా ఆ పొగలోనే నిలబడుతుంది. బన్నీ చౌ గురించి నువ్వు రాసింది బావుంది, బ్రెడ్డు తవ్వి కూర పోస్తుంటే కూర బ్రెడ్డులోకి ఇంకడం, ఆ వాక్యం ముట్టుకోవద్దు.

రెండో డ్రాఫ్ట్‌కి ఇలా చెయ్యి. ఆదివారం కాదు, ఈ శనివారం ఐదింటికల్లా ఆ మొక్కజొన్న పొత్తుల ఆవిడ దగ్గరికి వెళ్లు. "సావుబోనా, మా" అని, అంటే నమస్కారం అమ్మా అని, పలకరించి ఒక పొత్తు కొనుక్కుని అక్కడే నిలబడి తిను. పొత్తులు ఏ ఊరి నుంచి వస్తాయి, లారీ ఎన్నింటికి వస్తుంది, కట్టెలు ఎవరు తెస్తారు, ఆవిడ ఎన్నింటికి లేస్తుంది, అడుగు. చెప్పకపోతే వచ్చే శనివారం మళ్లీ అడుగు. ఆవిడ చెప్పిందంతా అదే రోజు రాత్రి రాసేసి, మిగతా వ్యాసం పక్కన పెట్టి, ఆ రెండు పేజీలు మాత్రం నాకు పంపు.

ప్రేమతో,
అన్నయ్య