మొదటి భాగాన్ని మించిన సీక్వెల్ అంటే నా దృష్టిలో అసాసిన్స్ క్రీడ్ 2

"అసాసిన్స్ క్రీడ్ వీడియో గేమ్ మొదటి భాగం విసుగొచ్చి సగంలో ఆపేశాను. రెండోది కూడా అలాగే ఉంటుందా?" అని అడిగారు. ఉండదండీ. రెండూ ఒకదాని వెంట ఒకటి చివరిదాకా ఆడాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

మీకు విసుగు ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. 2007లో వచ్చిన మొదటి భాగంలో హీరో అల్తాయిర్ తొమ్మిది మందిని చంపాలి. ఎవరిని చంపాలన్నా అదే తంతు. ఎత్తైన కట్టడాలెక్కి చుట్టూ చూడటం, బెంచీ మీద కూర్చుని మాటలు వినడం, ఉత్తరం కొట్టేయడం, ఒకణ్ణి నాలుగు తన్ని నిజం చెప్పించడం. డమాస్కస్‌లోనైనా జెరూసలేంలోనైనా పని మారదు. పైగా సబ్‌టైటిల్స్ లేవు. యాస పట్టుకోవడానికే నాకు సగం శ్రద్ధ పోయేది. రెండో భాగంలో సబ్‌టైటిల్స్ పెట్టారు, నాకు అదే పెద్ద ఊరట.

అయితే అసలు మార్పు అది కాదు. మొదటి దాంట్లో 420 జెండాలు అక్కడక్కడా దాచి ఉంటాయి. అన్నీ ఏరినా కథలో ఒరిగేదేమీ లేదు. 2009లో వచ్చిన రెండో దాంట్లో వాటి స్థానంలో 100 ఈకలున్నాయి. (ఇక్కడ కథ కొంచెం బయటపడుతుంది, వద్దనుకుంటే ఈ పేరా వదిలేయండి.) హీరో ఎజియో చిన్న తమ్ముడు పెత్రూచో ఈకలు పోగుచేస్తుంటాడు. మొదట్లో మనమే అతని కోసం ఇంటి కప్పులెక్కి కొన్ని తెచ్చిస్తాం. ఆ తర్వాత తండ్రినీ అన్ననూ ఆ పిల్లాణ్ణీ ఫ్లోరెన్స్ నడిబొడ్డున ఉరి తీస్తారు. తల్లి మారియాకు మాట పడిపోతుంది. ఇక ఏ ఊళ్లో ఈక దొరికినా తెచ్చి ఆమె గదిలోని పెట్టెలో వేస్తాం. అన్నీ చేరాక ఆమె నోరు విప్పుతుంది. కప్పులెక్కి వస్తువులు ఏరే పని రెండింట్లోనూ ఒకటే, కానీ ఇక్కడ ఎందుకు ఏరుతున్నామో మనసుకు తెలుసు. ఈకల కోసం వెనిస్ అంతా గాలించినప్పుడు నాకు ఒక్కసారి కూడా విసుగనిపించలేదు.

మిగతా ఆటలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. కోడెక్స్ అనే పాత రహస్య గ్రంథం పేజీలు తెచ్చిస్తే లియొనార్డో డా విన్చీ వాటిని విప్పి చదివి రెండో కత్తి, విషపు కత్తి, చివరికి చిన్న తుపాకీ కూడా తయారుచేస్తాడు. సంపాదించిన డబ్బుతో ఎజియో కుటుంబం తలదాచుకునే మోంతెరిజోనీ ఊళ్లో దుకాణాలు బాగుచేయిస్తే అక్కడి నుంచి ఆదాయం మొదలవుతుంది. గొడవలు ఎక్కువైతే కాపలావాళ్లు గుర్తుపడతారు, అప్పుడు గోడల మీద మన కోసం అంటించిన పోస్టర్లు చించేయాలి. అల్తాయిర్ నీళ్లలో పడితే చచ్చినట్టే. ఎజియోకు ఈత వచ్చు కాబట్టి వెనిస్ కాలువలు పారిపోవడానికి దారులైపోయాయి.

ఒక్క విషయంలో మాత్రం నా ఓటు మొదటి దానికే. అక్కడ విచారణ ఎంత విసుగైనా, ఆ సమాచారంతో ఎటు నుంచి దూరాలో మనమే ఆలోచించుకుంటాం. చనిపోతున్న శత్రువు చెప్పే మాటలు మన గురువు మీదే అనుమానం పుట్టిస్తాయి. రెండో దాంట్లో చాలా హత్యలకు దారి ఆటే చూపిస్తుంది, శత్రువులు కూడా అంత లోతైనవాళ్లు కారు. గాయాలు మాన్పే మందు సీసాలు దగ్గరుంటాయి కాబట్టి పోరాటాల్లో టెన్షన్ కూడా తక్కువే.

మొదటిది పూర్తి చేయకపోయినా ఫర్వాలేదు, కథ సారాంశం ఎక్కడైనా చూసి మొదలుపెట్టండి. తొలి రెండు మూడు గంటలు నెమ్మదిగా సాగుతుంది, ఆపకండి. పాత కన్సోల్ డిస్కులో మొదట 12, 13 అధ్యాయాలు లేవు, కథ 11 నుంచి నేరుగా 14కు దూకుతుంది. వాటిని తర్వాత విడిగా అమ్మారు. 2016లో వచ్చిన ఎజియో కలెక్షన్ అనే ఎజియో ఆటల సంపుటిలో ఆ రెండూ కలిపే ఉన్నాయి, కన్సోల్‌లో ఆడేటట్టయితే అదే తీసుకోండి.